చేతిలో కాసుల్లేవు... కాలమంతా చుట్టేశారు!

శనివారం సాయంత్రమైతే బ్రిటన్‌లో ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెట్టిన సీరియల్ ‘డాక్టర్ హూ’. ఏ లోకం నుంచి వచ్చాడో తెలియని డాక్టర్ అనే పెద్దమనిషి ‘టార్డిస్’ అనే కాలయంత్రం ఎక్కి ఇవాళ రోమన్ల కాలంలో, రేపు ఇంకో గ్రహంమీద తేలుతుంటాడు. బీబీసీ 1963లో మొదలుపెట్టిన ఈ కథ గిన్నిస్ పుస్తకం దాకా వెళ్లింది. రికార్డులు సరే, వాటి వెనక్కి వెళ్లి చూస్తే కనిపించేది వేరే సంగతి. డబ్బు చాలదు, చోటు చాలదు, టైము అసలే చాలదు. ఈ సీరియల్‌కి పేరు తెచ్చినవాటిలో సగానికి సగం ఆ కటకటలోంచి పుట్టినవే!

80 సెకన్లు లేటు

మొదటి ఎపిసోడ్ 1963 నవంబరు 23న ప్రసారమైంది. ముందురోజే అమెరికా అధ్యక్షుడు కెనడీని కాల్చి చంపారు. లోకమంతా అదే వార్త. ఆ సాయంత్రం 5.15కి రావలసిన సీరియల్ 80 సెకన్లు ఆలస్యంగా మొదలైంది. కొన్ని ప్రాంతాల్లో కరెంటు లేక జనం చూడలేకపోయారు. మొత్తమ్మీద చూసినవాళ్లు 44 లక్షల మంది. బీబీసీ మరుసటి శనివారం ఆ ఎపిసోడ్‌నే మళ్లీ వేసి, వెంటనే రెండోది చూపించింది. ఓ సీరియల్‌కి వారం తిరక్కుండానే పునఃప్రసారం దక్కడం అప్పట్లో అరుదైన సంగతి.

నిజానికి జనం చూసింది రెండోసారి తీసిన ఎపిసోడ్. సెప్టెంబరులో తీసినదాంట్లో కాలయంత్రం తలుపులు సరిగ్గా మూసుకోలేదు, డాక్టరేమో మరీ కటువుగా ఉన్నాడు. బీబీసీ నాటక విభాగం అధిపతి సిడ్నీ న్యూమన్ అది చూసి మళ్లీ తీయమన్నాడు. దాంతో అక్టోబరులో మొత్తం తిరిగి తీశారు. పక్కన పెట్టేసిన ఆ తొలి ప్రయత్నం 1991లో గానీ టీవీలోకి రాలేదు. 

27 ఏళ్ల నిర్మాత, 24 ఏళ్ల లక్నో కుర్రాడు

తొలి నిర్మాత వెరిటీ లాంబర్ట్ వయసు అప్పటికి 27. బీబీసీ నాటక విభాగంలో నిర్మాతలందరిలోకీ చిన్నది, ఉన్న ఒకే ఒక్క మహిళ కూడా. తొలి దర్శకుడు వారిస్ హుస్సేన్‌కి ఇంకా పాతికేళ్లు నిండలేదు. పుట్టింది లక్నోలో. అతని తల్లి అతియా హొసైన్ పేరున్న నవలా రచయిత్రి. తెల్లజాతి మగవాళ్లతో నిండిన స్టూడియోలో ఓ యువతి, ఓ భారతీయ యువకుడు కలిసి ఈ భారం ఎత్తుకున్నారు.

వాళ్లకి ఇచ్చిన చోటు లండన్‌లోని లైమ్ గ్రోవ్ స్టూడియో. ఇరుకు, పైన లైట్ల సెగ. వారమంతా రిహార్సల్, ఒక్క సాయంత్రంలో 25 నిమిషాల ఎపిసోడ్ రికార్డింగ్. టేపును కత్తిరించి అతికించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి దాదాపు నాటకం ఆడినట్టే ఏకబిగిన తీసేవాళ్లు. డాక్టర్ వేషం వేసిన విలియం హార్ట్‌నెల్ డైలాగులో తడబడితే ఆ తడబాటు కూడా ప్రసారమైపోయేది. పోనుపోను జనం దాన్ని ఆ పాత్ర స్వభావమే అనుకున్నారు.

యాభై ఏళ్ల పండగకి ఈ తొలినాళ్ల కథనే బీబీసీ ఓ టీవీ సినిమాగా తీసింది. అందులో వారిస్ హుస్సేన్‌గా నటించిన సచా ధావన్, హార్ట్‌నెల్‌గా నటించిన డేవిడ్ బ్రాడ్లీ ఆ తర్వాత అసలు సీరియల్లోకే వచ్చేశారు. బ్రాడ్లీ 2017లో మొదటి డాక్టర్‌గా, ధావన్ 2020లో డాక్టర్ బద్ధశత్రువు ‘మాస్టర్’గా!

రూపం మార్చుకోలేని యంత్రం

కథ ప్రకారం టార్డిస్ ఎక్కడ దిగితే అక్కడి పరిసరాల్లో కలిసిపోవాలి. ఎడారిలో బండరాయిలా, రోములో స్తంభంలా మారిపోవాలి. కానీ కొత్త కథకల్లా కొత్త యంత్రం కట్టించాలంటే బడ్జెట్ ఎక్కడిది? అందుకని రూపం మార్చే మీట చెడిపోయిందని కథలోనే రాసేశారు. అలా ఎప్పుడో లండన్ వీధిలో దిగినప్పుడు వేసుకున్న పోలీసు పెట్టె రూపమే శాశ్వతమైపోయింది. మొబైళ్లు, వాకీటాకీలు లేని రోజుల్లో పోలీసులతో ఫోన్లో మాట్లాడేందుకు వీధి మలుపుల్లో పెట్టిన నీలం పెట్టె అది. గిల్బర్ట్ మెకంజీ ట్రెంచ్ 1929లో గీసిన నమూనా.

అసలు పెట్టెలు వీధుల్లోంచి మాయమయ్యాయి, టీవీలోది మాత్రం మిగిలింది. 1996లో బీబీసీ ఆ ఆకారాన్ని తన ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయమంది. ‘పెట్టె మాది’ అంటూ లండన్ పోలీసులు అడ్డుపడ్డారు. 2002లో తీర్పు బీబీసీ వైపే వచ్చింది. పోలీసు శాఖ దాన్ని ఏనాడూ నమోదు చేయించుకోలేదు. పైగా ఆ పెట్టెను చూస్తే జనానికి గుర్తొచ్చేది పోలీసులు కాదు, డాక్టరే! పోలీసుల వస్తువు మీద పోలీసులే కేసు ఓడిపోవడం ఇలాంటి వింతల్లో మేలురకం.

రేజర్ బ్లేడుతో కట్టిన బాణీ

సీరియల్ టైటిల్ సంగీతం వింటే ఏ కీబోర్డో వాయించారనిపిస్తుంది. అక్కడ సింథసైజరే లేదు. రాన్ గ్రెయినర్ ఒకే ఒక్క కాగితం మీద స్వరాలు రాసి, బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో పనిచేసే డెలియా డెర్బీషైర్ చేతికిచ్చాడు. ఆమె ఒక తీగను మీటి, ఆ ఒక్క శబ్దాన్ని టేపు మీదికెక్కించింది. టేపును వేగంగా తిప్పితే హెచ్చు స్వరం, నెమ్మదిగా తిప్పితే తగ్గు స్వరం. అలా ఒక్కో స్వరం తయారుచేసి, ఎంతసేపు వినిపించాలో అంత పొడవు టేపు ముక్కను బ్లేడుతో కోసి, ఒకదాని పక్కన ఒకటి అతికించింది. పైన వినిపించే రాగానికి ప్రయోగశాలల్లో వాడే ఆసిలేటర్ మీటల్ని చేత్తో తిప్పింది.

ఇలా తయారైన టేపుల్ని కలపడానికి ఇప్పటిలా అనేక ట్రాకుల యంత్రాలు లేవు. మూడు టేపు రికార్డర్లు పెట్టి, ‘ఊఁ’ అనగానే ఒకేసారి ఆన్ చేయాలి. ఎక్కడో ఒక స్వరం జారిందని తేలినప్పుడు ఆమె, సహాయకుడు డిక్ మిల్స్ టేపులన్నిటినీ వర్క్‌షాప్ వరండాలో పొడుగ్గా పరిచి, అతుకుల్ని పక్కపక్కన సరిచూస్తూ తప్పు ముక్కను పట్టుకున్నారు.

తయారైనది విన్న గ్రెయినర్‌కి అది తను రాసిందేనా అని అనుమానం వచ్చిందట. సగం ఘనత ఆమెకి ఇవ్వాలని చూశాడు. వర్క్‌షాప్ ఉద్యోగుల పేర్లు వేయకూడదన్న బీబీసీ పద్ధతి అడ్డొచ్చింది. డెర్బీషైర్ 2001లో చనిపోయింది. తెరమీద ఆమె పేరు పడింది 2013లో. బాణీ కట్టిన యాభై ఏళ్లకి!

టార్డిస్ బయల్దేరేటప్పుడు వినిపించే రొద కథ ఇంకా తమాషా. అదే వర్క్‌షాప్‌లోని బ్రయాన్ హాడ్జ్‌సన్ ఓ పాత పియానో తీగల మీద వాళ్లమ్మ ఇంటి తాళంచెవిని బరబరా గీసి, ఆ చప్పుడును అటూ ఇటూ తిప్పి తయారుచేశాడు. అరవై ఏళ్లు దాటినా కాలయంత్రం కదిలితే వినిపించేది ఆ మోతే.

వద్దన్న రాక్షసులే నిలబెట్టారు

సిడ్నీ న్యూమన్ మొదట్లోనే ఒక షరతు పెట్టాడు. గుడ్లు మిటకరించే రాక్షసులు, చవకబారు భూతాలు వద్దు, పిల్లలకి చరిత్ర, సైన్సు తెలియాలి అని. రెండో కథకే రచయిత టెర్రీ నేషన్ ‘డేలెక్’ అనే రాక్షసులను పట్టుకొచ్చాడు. పైవాళ్లకి నచ్చలేదు. అయితే వేరే స్క్రిప్ట్ ఏదీ సిద్ధంగా లేదు. గత్యంతరం లేక తీశారు. కొన్ని వారాల్లో ప్రేక్షకులు కోటి దాటారు!

డేలెక్ ఆకారం గీసే పని మొదట రిడ్లీ స్కాట్‌కి పడింది. తర్వాతి రోజుల్లో ‘ఏలియన్’, ‘గ్లాడియేటర్’ తీసిన రిడ్లీ స్కాటే. అప్పట్లో బీబీసీలో డిజైనర్. అతనికి తీరిక కుదరక పని రేమండ్ క్యుసిక్ చేతికొచ్చింది. కాళ్లు కనిపిస్తే వేషం వేసుకున్న మనిషని పిల్లలు కనిపెట్టేస్తారు కాబట్టి, కింద గౌనులాంటి డొప్ప పెట్టి నేలమీద జారేలా చేశాడు. ఒక చేతికి తుపాకీ, రెండో చేతికి సింకు మూసుకుపోతే వాడే రబ్బరు కప్పు.

లోపల ఒక మనిషి చిన్న పీట మీద కూర్చుని, కాళ్లతో నెట్టుకుంటూ చక్రాల మీద బండిని నడిపించాలి. బయటికి కనిపించేది సన్నటి జాలీలోంచి. చేతులతో తుపాకీని, కప్పును, కంటి కాడను తిప్పాలి. మాటలు అతనివి కావు. స్టూడియోలో మరోచోట నిలబడ్డ నటుడు మైకులో పలికితే, రింగ్ మాడ్యులేటర్ అనే పరికరం ఆ గొంతును గరగరలాడించేది. ఆ మాటకు తగ్గట్టు నెత్తిమీది దీపాలు వెలిగించి ఆర్పడం మళ్లీ లోపలివాడి పనే. డేలెక్‌ల తొలి కథకి తయారైనవి నాలుగంటే నాలుగు. గుంపు కనిపించాలంటే వెనకాల అట్టమీద అతికించిన నిలువెత్తు ఫొటోలే దిక్కు. ఆ తర్వాత 1966లో డేలెక్‌ల ఫ్యాక్టరీ చూపించాల్సి వస్తే, దుకాణాల్లో పిల్లలకి అమ్మే బొమ్మల్ని తెచ్చి వరసగా కదిలించారు.

ఈ బొమ్మల మీద వచ్చిన డబ్బులో రచయిత నేషన్‌కి వాటా ఉంది, శ్రీమంతుడయ్యాడు. క్యుసిక్ బీబీసీ జీతగాడు. అతనికి దక్కింది 100 పౌన్ల బహుమానం, పిల్లల కార్యక్రమం ‘బ్లూ పీటర్’ వాళ్లిచ్చిన బంగారు బ్యాడ్జీ!

హీరో మారినా ఆగని కథ

1966కల్లా హార్ట్‌నెల్ ఆరోగ్యం పాడైంది. మామూలుగా అయితే సీరియల్‌కి శుభం కార్డు పడాలి. నిర్మాతలు మాత్రం డాక్టర్ జాతివాళ్లు ఒళ్లు అరిగిపోతే కొత్త ఒంట్లోకి మారతారని కల్పించారు. అక్టోబరు 29న నేలమీద పడివున్న హార్ట్‌నెల్ ముఖం తెల్లటి వెలుగులో కరిగి పాట్రిక్ ట్రాటన్ ముఖమైంది. స్టూడియోలోని మిక్సర్ మీటల్లో ఓ లోపం ఉంటే, అక్కడ పనిచేసే షిర్లీ కవర్డ్ ఆ లోపాన్నే వాడి ఆ వెలుగు పుట్టించింది. ఆ ఎపిసోడ్ ఇప్పుడు లేదు. ‘బ్లూ పీటర్’లో ఓసారి ఆ ముక్క వాడుకున్నారు కాబట్టి మార్పు ఘట్టం ఒక్కటీ బతికింది.

ఈ ఉపాయం పుణ్యమా అని డాక్టర్ల వరస సాగుతూనే ఉంది. అందులోనూ కొన్ని విశేషాలు:

• ఎక్కువ సీజన్లు: టామ్ బేకర్. 1974 నుంచి 1981 దాకా ఏడు సీజన్లు. వేషం దొరికేనాటికి భవన నిర్మాణంలో కూలిపని చేస్తున్నాడు. అతని పాదాల దాకా వేలాడే మఫ్లర్‌దీ ఓ కథే. డిజైనర్ కావలసినదానికన్నా ఎక్కువ ఉన్ని ఇస్తే, అల్లే ఆవిడ బెగోనియా పోప్ ఒక్క పోగు మిగల్చకుండా మొత్తం అల్లేసింది. పొరపాటే గుర్తింపయింది.

• చిన్నవాడు: మ్యాట్ స్మిత్, ఎంపికైనప్పుడు 26 ఏళ్లు. పెద్దవాళ్లు: హార్ట్‌నెల్, పీటర్ కపాల్డీ. ఇద్దరూ 55వ ఏట మొదలుపెట్టారు.

• తొలి మహిళ: జోడీ విటేకర్. ఆమె డాక్టర్‌గా ఉన్నప్పుడే 2018లో దేశ విభజన నాటి పంజాబ్ నేపథ్యంగా ఓ ఎపిసోడ్ వచ్చింది. రాసినవాడు వినయ్ పటేల్. పంజాబ్‌గా కనిపించింది స్పెయిన్.

• చుట్టరికం: అయిదో డాక్టర్ పీటర్ డేవిసన్ కూతురు జార్జియా, 2008లో పదో డాక్టర్ కూతురి వేషం వేసింది. ఆ డాక్టర్ వేషధారి డేవిడ్ టెనెంట్‌నే 2011లో పెళ్లాడింది. తండ్రి డాక్టరే, భర్తా డాక్టరే, తెర మీద తండ్రీ డాక్టరే!

పొడుగు కథ, పొట్టి కథ

ఒకే శీర్షిక కింద ఎక్కువ భాగాలు నడిచింది 1986 నాటి ‘ట్రయల్ ఆఫ్ ఎ టైమ్ లార్డ్’, 14 భాగాలు. విడదీయని కథల్లో 1965లో మొదలైన ‘డేలెక్స్ మాస్టర్ ప్లాన్’ పెద్దది, 12 వారాలు. దాని ఏడో భాగం సరిగ్గా క్రిస్మస్ రోజున పడింది. పండగపూట రక్తపాతం ఎందుకని హాస్యం నింపారు. చివర్లో హార్ట్‌నెల్ కెమెరా వైపు తిరిగి ఇంట్లో కూర్చున్నవాళ్లకి పండగ శుభాకాంక్షలు చెప్పేశాడు.

పాత సీరియల్‌లో 25 నిమిషాల ఒకే భాగంతో ముగిసిన కథ ‘మిషన్ టు ది అన్‌నోన్’. 1965 అక్టోబరు 9న వచ్చింది. అందులో డాక్టరే లేడు! ఒప్పందం ప్రకారం పేరు మాత్రం హార్ట్‌నెల్‌దే వేశారు.

సమ్మె కొట్టిన దెబ్బ, సమ్మె పెట్టిన భిక్ష

ఈ సీరియల్‌ని అత్యధికంగా చూసిన రోజు 1979 అక్టోబరు 20. ‘సిటీ ఆఫ్ డెత్’ నాలుగో భాగాన్ని కోటీ 61 లక్షల మంది చూశారు. ఆ సమయానికి పోటీ సంస్థ ఐటీవీ సమ్మెతో మూతపడి ఉంది. అలాగని కథ తీసిపారేసేది కాదు. డావిన్సీ చేత ఇంకో ఆరు మోనాలిసాలు గీయించి, అన్నిటినీ అసలువిగా అమ్ముకోవాలనుకునే గ్రహాంతరవాసి కథ. అనుకున్న రచయిత చేతులెత్తేస్తే నిర్మాత గ్రహమ్ విలియమ్స్, స్క్రిప్ట్ ఎడిటర్ డగ్లస్ ఆడమ్స్ ఓ శని, ఆదివారాల్లో కూర్చుని తిరగరాసి, లేని రచయిత పేరు తగిలించారు. సీరియల్ విదేశంలో షూటింగ్ జరుపుకోవడం కూడా అదే మొదలు, పారిస్‌లో.

అదే ఏడాది చివర్లో బీబీసీలోనే సమ్మె వచ్చింది. ఆడమ్స్ రాసిన ‘షడా’ సగంలో ఆగిపోయింది. మిగతా భాగాన్ని యానిమేషన్‌తో పూరించి 2017లో విడుదల చేశారు. చివరి సన్నివేశానికి టామ్ బేకర్ 38 ఏళ్ల తర్వాత స్వయంగా వచ్చి డాక్టర్ కోటు తొడుక్కున్నాడు.

1970 జనవరిలో వచ్చిన తొలి రంగుల కథ ‘స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్’ది ఇంకో తీరు. స్టూడియోలో సమ్మె కారణంగా మొత్తం బయటే, వీడియో బదులు ఫిల్ము మీద తీయాల్సొచ్చింది. అప్పటికది తలనొప్పి. నలభై ఏళ్లు తిరిగేసరికి, పాత కథల్లో పూర్తిగా ఫిల్ము మీద ఉన్నది అదొక్కటే కావడంతో, నిఖార్సైన హెచ్‌డీ నాణ్యతతో బ్లూరేగా వచ్చిన ఘనత దానికే దక్కింది.

చెరిపేశారు... వెతుక్కున్నారు

వీడియో టేపు ఖరీదైనది. పునఃప్రసారాలకు నటుల సంఘం హద్దులు పెట్టింది. ఇంట్లో వీసీఆర్‌లు వస్తాయని ఎవరూ అనుకోలేదు. దాంతో బీబీసీ పాత టేపుల్ని చెరిపి మళ్లీ వాడుకుంది. విదేశాలకి అమ్మేందుకు తీసిన ఫిల్ము నకళ్లనీ 1978 దాకా పారేస్తూ వచ్చింది. తొలి ఆరేళ్లలో వచ్చిన 253 ఎపిసోడ్లలో తొంభైకి పైగా ఇలా పోయాయి. వారిస్ హుస్సేన్ చాలామటుకు తీసిన ‘మార్కో పోలో’ ఏడు భాగాలూ గల్లంతే.

దొరికినవి దొరికిన చోట్లు చూస్తే అదే ఓ కథ:

• 1983: లండన్‌లో ఓ మార్మన్ చర్చి నేలమాళిగలో రెండు ఎపిసోడ్లు.

• 1992: ‘టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ నాలుగు భాగాలూ హాంకాంగ్ నుంచి.

• 2013: నైజీరియాలోని జోస్ పట్టణంలో, టీవీ కేంద్రంలో పడివున్న డబ్బాల్లో, వెతుకుతూ వెళ్లిన ఫిలిప్ మోరిస్‌కి దొరికిన తొమ్మిది ఎపిసోడ్లు. ఒకేసారి ఇన్ని దొరకడం అప్పటికి దశాబ్దాల్లో లేదు.

బొమ్మ పోయినా మాట పోలేదు. అప్పటి కుర్రకారు టీవీ స్పీకర్ ముందు మైకు పెట్టి టేపు రికార్డర్లలో పట్టుకోవడం వల్ల పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ శబ్దం ఉంది. దానికి యానిమేషన్ జోడించి 1966 నాటి ‘పవర్ ఆఫ్ ది డేలెక్స్’ను సరిగ్గా యాభై ఏళ్లకి, 2016 నవంబరు 5న విడుదల చేశారు. జాన్ క్యూరా అనే ఫొటోగ్రాఫర్ టీవీ తెరను కెమెరాతో తీసి దర్శకులకి అమ్మేవాడు. ‘మార్కో పోలో’లో ఆరు భాగాలకి సంబంధించిన ఆ ఫొటోలు వారిస్ హుస్సేన్ దాచుకున్నవాటిలోనే బయటపడ్డాయి. నాలుగో భాగానికి దర్శకుడు వేరే కాబట్టి దానివి లేవు.

ఇంకా చిత్రం రంగుల సంగతి. 1970ల నాటి కొన్ని రంగుల ఎపిసోడ్లకి నలుపు తెలుపు ఫిల్ము నకళ్లే మిగిలాయి. టీవీ తెరను ఫిల్ము కెమెరాతో తీసినప్పుడు రంగు సంకేతం సన్నటి చుక్కల రూపంలో ఫిల్ము మీద పడింది. అన్నాళ్లూ బొమ్మను పాడుచేసే దోషమనుకున్న ఆ చుక్కల్ని కంప్యూటర్‌తో చదివి, ఇంజినీర్లు అసలు రంగుల్ని బయటికి లాగారు.

2023లో బీబీసీ 800కి పైగా ఎపిసోడ్లను తన ఆన్‌లైన్ వేదికలో పెట్టింది. మొట్టమొదటి కథ నాలుగు భాగాలూ మాత్రం అందులో లేవు. అవేమీ పోలేదు, భద్రంగా ఉన్నాయి. రచయిత వారసులతో హక్కుల పేచీ!

57 ఏళ్లకి తర్వాతి డైలాగు

మొదటి ఎపిసోడ్‌లో సైన్సు మాస్టారి వేషం వేసిన విలియం రసెల్ 1965 జూన్‌లో సీరియల్ వదిలాడు. 2022 అక్టోబరు 23న అదే పాత్రలో మళ్లీ కనిపించాడు. అప్పటికి 97 ఏళ్లు. ఒకే టీవీ పాత్రలో రెండుసార్లు కనిపించడానికి మధ్య 57 ఏళ్లకు పైగా గడిచిందంటూ గిన్నిస్ వాళ్లు రికార్డు రాసుకున్నారు.

94 దేశాలు, ఒకే క్షణం

ప్రపంచంలో అత్యధిక కాలం నడిచిన సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్‌గా గిన్నిస్ గుర్తింపు దీనిదే. 2013 నవంబరు 23న యాభయ్యో పుట్టినరోజు ఎపిసోడ్ ‘ది డే ఆఫ్ ది డాక్టర్’ను 94 దేశాల్లో ఒకేసారి ప్రసారం చేసి, టీవీ నాటకాల్లో ఇంకో రికార్డూ కొట్టారు. ఆకాశంలోనూ చోటుంది, 3325 నంబరు గ్రహశకలం పేరు టార్డిస్.

ఇంత ఆయుష్షు బీబీసీ చలవేనా అంటే, 1989 డిసెంబరు 6తో 26 సీజన్లకి చరమగీతం పాడింది ఆ బీబీసీయే. మధ్యలో 1996లో వచ్చిన ఒక్క టీవీ సినిమా తప్పిస్తే 2005 మార్చి దాకా డాక్టర్ జాడ లేదు. తిరిగి లేపినవాళ్లు చిన్నప్పుడు దాన్ని చూసి పెరిగినవాళ్లు. కార్డిఫ్ కేంద్రంగా కొత్త సిరీస్ మొదలుపెట్టిన రచయిత రసెల్ టి డేవిస్ అలాంటివాడు. డాక్టర్‌ని చూసే నటుడవ్వాలనుకున్నానని చెప్పుకున్న టెనెంట్ కూడా ఆ కోవలోవాడే. ఇక 1974లో ‘రేడియో టైమ్స్’ పత్రికకి ఈ సీరియల్‌ని మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన 15 ఏళ్ల స్కాట్లండ్ కుర్రాడు పీటర్ కపాల్డీ, 2013లో పన్నెండో డాక్టర్‌గా అదే పత్రిక ముఖచిత్రాలకెక్కే స్థాయికి చేరాడు. గిన్నిస్ వాళ్లు ఏళ్లు లెక్కపెడతారు. ఆ ఏళ్లని పోగుచేసింది మాత్రం మైకు పట్టుకుని టీవీ ముందు కూర్చున్న పిల్లలు, ఉత్తరాలు రాసిన పిల్లలే.